ఏడో సలహా

అక్టోబర్ 9, గురువారం

మెట్టు తడిగా ఉంది. జారాను. కుడి చీలమండ దగ్గర ఎముక రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో డాక్టరుకి ఇదే చెప్పాను. ఇన్సూరెన్సు కాగితంలో ఇదే రాశాను. కింది అంతస్తులో ఉండే నా మేనకోడలు మీర్కాకి కూడా ఇదే చెప్పాను. మెట్టు తడిగా ఉంది.

ఆరు వారాలు కాలు నేలకి ఆనించకూడదట. నేనుండేది మూడో అంతస్తు. యాభై నాలుగు మెట్లు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊళ్ళకి ఊళ్ళని వెంటేసుకుని వెనిస్ అంతా తిప్పి చూపించినదాన్ని. ఇక నాకు చూడ్డానికి మిగిలింది వంటింటి కిటికీ.

నా బృందాలని వేరే గైడుకి ఇచ్చేశారు. ఆవిడ క్లుప్తంగా మాట్లాడుతుందని అందరికీ నచ్చిందట.

అక్టోబర్ 10, శుక్రవారం

ఏమీ జరగలేదు. రేపు కూడా జరగదు.

అక్టోబర్ 11, శనివారం

వేరే పనేముంది, కిటికీ గురించి రాస్తాను. కింద సన్నటి కాలువ. దాని మీద మా వంతెన. అవతలి ఒడ్డున సరిగ్గా మెట్లు దిగేచోట ఒక బెంచీ. ఆ బెంచీ మీద పొద్దున తొమ్మిది నుంచి భోజనం వేళ దాకా గస్తోనే.

ముప్పై ఏళ్ళు నీటి బస్సు నడిపి రిటైరయ్యాడు. బెంచీ వెనక కింది అంతస్తులోనే ఇల్లు. పత్రిక విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంటాడు, ఎవరు పలకరించినా దించడు. తొమ్మిదేళ్ళ కిందట, నా బృందాలు వంతెనకి అడ్డంగా నిలబడుతున్నాయని నగర పోలీసులకి ఫిర్యాదు వెళ్ళింది. సంతకం చోట గస్తోనే వాళ్ళ ఇంటిపేరు, ఇంటి నంబరు. నాకు జరిమానా పడింది, పొద్దుటి పూట ఆ వంతెన మీద ఆగకూడదని ఆర్డరు వచ్చింది. ఆ రోజు నుంచి అతనితో మాటల్లేవు.

అతని భార్య నెరీనాతో మాత్రం స్నేహం మానలేదు. రెండేళ్ళ కిందట పోయేదాకా రోజూ పదకొండింటికి నా వంటింట్లోనే కాఫీ తాగేది. నేను ఆమె మొగుణ్ణి తిట్టేదాన్ని. ఆమె చక్కెర కలుపుకుంటూ "ఆయనంతే" అనేది.

ఆమె కుర్చీ కూడా ఈ కిటికీ దగ్గరే ఉంది. ఇప్పుడు దాని మీద నా కాలు పెట్టుకుంటున్నాను. డాక్టరు ఎత్తులో పెట్టమన్నాడు.

అక్టోబర్ 12, ఆదివారం

మీర్కా వచ్చింది. తన అంతస్తులో మూడు గదులు యాత్రికులకి అద్దెకిస్తుంది.

"అత్తా, ఊరికే కూర్చుని ఉసూరుమనే బదులు నాకో పని చేసిపెట్టు. నా గదుల్లో దిగేవాళ్ళకి ఒక కాగితం కావాలి. వెనిస్ ఎలా చూడాలో సలహాలు. నీకన్నా బాగా ఎవరు రాస్తారు?"

మునగచెట్టు ఎక్కిస్తోందని తెలుసు. ఎక్కాను. సాయంత్రానికి పదకొండు పేజీలు.

అక్టోబర్ 13, సోమవారం

"అత్తా, ఇది చదివేలోపు వాళ్ళ సెలవులు అయిపోతాయి."

"పదకొండు పేజీలేగా!"

"పదకొండు పేజీలైనా నువ్వింకా మొదటి చర్చి గుమ్మం దాటలేదు. సలహాలు కావాలి అత్తా. ఒక్కోటి రెండు ముక్కల్లో. నంబర్లు వేసి."

నంబర్లు వేసి. ముప్పై ఒక్క ఏళ్ళ విద్య, నంబర్లు వేసి.

అక్టోబర్ 14, మంగళవారం

మీర్కాకి ఇచ్చిన దానికి నకలు:

ఒకటి. వంతెన మీద ఫొటో తీసుకోవాలంటే అంచుకి జరగండి. మీ వెనక చేపల సంచితో ఇంటికి పోయే ముసలమ్మ ఉంటుంది. ఆవిడ ఆగదు.

రెండు. చక్రాల పెట్టెని మెట్ల మీద ఈడ్చకండి, ఎత్తండి. ఎత్తలేనంత తెచ్చుకోమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

మూడు. నీటి బస్సులో వీపు సంచి దించి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. మీరు తిరిగినప్పుడల్లా ఒకరి కళ్ళజోడు పడిపోతోంది.

నాలుగు. పెద్ద చౌకులో తిండి చేత్తో పట్టుకుని నడవకండి. అక్కడి సముద్రపక్షులు మీకన్నా ముందు నిద్రలేస్తాయి.

ఐదు. కాఫీ నిలబడి తాగండి.

ఆరు. "దారి తప్పండి, అదే వెనిస్ అందం" అని ఏ పుస్తకంలోనైనా ఉంటే ఆ పుస్తకం మూసెయ్యండి. దారి తప్పినవాళ్ళంతా వచ్చి మా ఇంటి బెల్లే కొడతారు.

ఆరుతో ఆపి కిటికీలోంచి చూశాను. ఒక ముసలి జంట గస్తోనేని ఏదో దారి అడుగుతున్నారు. పత్రిక కదల్లేదు. తప్పు తమదే అన్నట్టు తలలు వంచి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఏడోది రాశాను.

ఏడు. మా పేటలో ఒక పాత మర్యాద ఉంది. వంతెన దిగగానే బెంచీ మీద పత్రిక చదువుకుంటూ ఒక పెద్దమనిషి కనిపిస్తారు. ఆయన ముందు నిలబడి గట్టిగా "బోన్‌జోర్నో, కమాందాంతే!" అనాలి. పలకకపోతే వినబడలేదని అర్థం. మళ్ళీ అనండి.

కమాందాంతే అని యుద్ధనౌకల నాయకుణ్ణి అంటారు. ఇతను మోసింది కూరగాయల సంచుల ఆడవాళ్ళని.

మీర్కా చదివి, "నిజంగా ఉందా ఈ మర్యాద?" అంది.

"ఇప్పటివాళ్ళకి ఏం తెలుసులే" అన్నాను. ఇది అబద్ధం కాదు.

అక్టోబర్ 16, గురువారం

తొమ్మిదీ ఇరవైకి మీర్కా గదుల్లోంచి కొరియా దంపతులు బయల్దేరారు. వంతెన ఎక్కారు. దిగారు. చేతిలో కాగితం చూసుకున్నారు. బెంచీ ముందు పక్కపక్కన నిలబడి నడుం దాకా వంగి, ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు. "బోన్‌జోర్నో, కమాందాంతే!"

పత్రిక కదల్లేదు.

మళ్ళీ వంగారు. మళ్ళీ అరిచారు.

పత్రిక ఒక మూల దిగింది. కన్ను కనిపించింది. ఆ కన్ను వెనక్కి తిరిగి చూసింది, తన వెనక నిజంగా ఏ నౌకాదళమైనా నిలబడి ఉందేమోనని.

నేను టేబుల్ అంచు పట్టుకుని నవ్వాను. కాలు నొప్పెట్టేదాకా నవ్వాను.

అక్టోబర్ 17, శుక్రవారం

పొద్దున కొరియావాళ్ళు, తర్వాత ఇద్దరు డచ్చి ఆడవాళ్ళు, ఒక పోర్చుగల్ కుటుంబం. పోర్చుగల్ తండ్రి సెల్యూట్ కూడా చేశాడు. అది నేను రాయలేదు, ఆయన సొంత కల్పన. కొరియావాళ్ళు ఎందుకో చాలాసేపు గస్తోనే పక్కన కూర్చున్నారు.

డాక్టరు ఫోన్ చేసి నిద్ర పడుతోందా అని అడిగాడు. బ్రహ్మాండంగా అన్నాను.

అక్టోబర్ 20, సోమవారం

టోపీ!

పాత ఉద్యోగపు టోపీ, ముందర లంగరు బొమ్మ ఉన్నది. ఎక్కణ్ణుంచి తీశాడో. గడ్డం కూడా గీసుకున్నాడు. పత్రిక ఒళ్ళో మడిచి పెట్టుకుని వంతెన వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ రాకపోతే గడియారం చూసుకుంటున్నాడు.

మనిషి ఇంత తేలిగ్గా బోల్తా పడతాడా? పాపం అనిపించింది. కాసేపే.

అక్టోబర్ 22, బుధవారం

మెట్టు తడిగా లేదు.

ఇది నా డైరీ, ఇక్కడైనా రాయాలి. ఇరవై ఆరుమంది ముందు, గొడుగు పైకెత్తి, వెనక్కి వెనక్కి నడుస్తూ, "చూసుకుని నడవండి, మా మెట్లు మోసం చేస్తాయి" అని చెబుతూ పడ్డాను. "చేస్తాయి" అన్న మాట గాల్లో ఉండగానే పడ్డాను. ఇరవై ఆరుమందీ అది నా ప్రదర్శనలో భాగమనుకున్నారు. ఇద్దరు చప్పట్లు కొట్టారు.

అక్టోబర్ 25, శనివారం

అతను చరిత్ర చెబుతున్నాడు.

ఇరుకు కాలువ, మోటారు శబ్దాలు లేని పొద్దు. బెంచీ మీద గుసగుస కూడా నీళ్ళ మీద జారి మూడో అంతస్తుకి వస్తుంది. అతనిది గుసగుస కాదు. బస్సులో చివరి వరసకి వినబడేట్టు అరిచి అలవాటైన గొంతు.

"ఆ గంటగోపురం ఒరగలేదు. అది నిటారుగానే ఉంది. ఊరే ఒరిగింది."

ఎనిమిదిమంది ఆ మాట రాసుకున్నారు!

"ఈ కాలువ తవ్వింది నాలుగొందలమంది సన్యాసినులు. చెంచాలతో. మదర్ సుపీరియర్‌కి చేపలంటే ఇష్టం, బజారు దాకా నడవడం బద్ధకం."

పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నదాన్ని ఇక్కడ కాలికి కట్టుతో కూర్చుంటే, బస్సు నడిపినవాడు చెంచాలతో కాలువ తవ్విస్తున్నాడు. జనానికి అబద్ధాలు చెప్పడానికి మనసెలా ఒప్పుతుంది మనిషికి?

అక్టోబర్ 27, సోమవారం

కాగితంలో ఎనిమిదోది చేర్పించాను. "కమాందాంతేని అడగండి: వెనిస్ గణరాజ్యం ఎప్పుడు పడిపోయింది?" అతనికి తెలియదని నాకు రూఢిగా తెలుసు. స్కూల్లో నా వెనక బెంచీ.

మధ్యాహ్నం ఒక జర్మన్ టీచరమ్మ అడిగింది. నేను కిటికీ రెక్క పూర్తిగా తెరిచాను.

"పడిపోలేదండీ," అన్నాడు గస్తోనే, ఇంకా గట్టిగా. "జారింది. మెట్టు తడిగా ఉంది."

టీచరమ్మ నవ్వలేదు. ఏమిటో పిచ్చి జవాబు.

అక్టోబర్ 29, బుధవారం

ఒక మంచి సంగతి. నా కిటికీలో జెరేనియం పూలు ఈ ఏడు విరగబూశాయి. కిందనుంచి అందరూ చూస్తున్నారు. బెంచీ దగ్గర ఆగినవాళ్ళు పైకి తిరిగి చెయ్యి కూడా ఊపుతున్నారు. నేనూ లేచి నిలబడి ఊపుతున్నాను, ఇవాళ చేతిరుమాలుతో ఊపాను. చప్పట్లు కొట్టారు. పూలని ప్రేమించేవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారు లోకంలో.

నవంబర్ 3, సోమవారం

బెంచీ ఖాళీ.

నవంబర్ 4, మంగళవారం

ఇవాళ కూడా. ఆరుగురు పర్యాటకులు వచ్చి ఖాళీ బెంచీ చుట్టూ నిలబడ్డారు. కాగితం చూసుకున్నారు. ఏం చెయ్యాలో తోచక బెంచీకే "బోన్‌జోర్నో, కమాందాంతే" అని చెప్పి వెళ్ళారు. ఇంతకన్నా నవ్వొచ్చే సంగతి ఉండదు.

నవ్వలేదు. సాస్ మాడింది, అది చూసుకోవాల్సి వచ్చింది.

నవంబర్ 6, గురువారం

మూలమీది పొగాకు దుకాణం ఇనెస్ వచ్చింది, సార్డిన్ చేపలూ ఉల్లిపాయలూ వెనిగర్‌లో ఊరేసిన గిన్నె పట్టుకుని. ఇనెస్ దగ్గర గిన్నె ఉంటే కబురు కూడా ఉంటుంది.

"మీ కమాందాంతే వెళ్ళిపోతున్నాడే."

"మా అంటావేంటి? ఎక్కడికి?"

"మెస్త్రె. నీళ్ళకవతల, వాళ్ళక్క దగ్గరికి. అక్కడ లిఫ్టుంది, ఇంట్లోకి నీళ్ళు రావు. కారు కూడా గుమ్మం ముందే ఆగుతుందట. గదిలో అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి, నా కళ్ళతో చూశా."

"వెళ్ళనీ."

"వెళ్తాడు. నెరీనా పోయాక వారానికోసారే గడ్డం గీసుకునేవాడు, ఎల్డా. నా దుకాణానికి వచ్చి పత్రిక చూపించి నోరు మెదపకుండా పోయేవాడు. ఈ మధ్యే నాలుగు మాటలు మాట్లాడుతున్నాడు. ఇంతలో మళ్ళీ తలుపు మూసుకున్నాడు." గిన్నె మూత తీసి నా ముందు పెట్టింది. "నీ కాగితం పట్టుకుని వచ్చాడు నా దగ్గరికి. 'ఇది ఎవరి రాత?' అన్నాడు."

నా చేతిలో ఫోర్కు ఆగింది. "నువ్వేమన్నావ్?"

"నీదని చెప్పా."

"అది అచ్చేసిన కాగితం కదే!"

"అచ్చులో కూడా నీ రాతే. 'ఎత్తలేనంత తెచ్చుకోమని ఎవరూ అడగలేదు' అని ఈ పేటలో ఇంకెవరంటారు?"

"ఎప్పుడొచ్చాడు?"

"ఏమో, కిందటి నెల్లో ఎప్పుడో."

చేపలు బాగున్నాయి. కొంచెం పుల్లగా.

నవంబర్ 7, శుక్రవారం

ఏడోది తీసెయ్యమని మీర్కాకి చెప్పాను.

"కుదరదత్తా. వచ్చినవాళ్ళంతా వెనిస్‌లో అన్నిటికన్నా నచ్చింది ఆయనే అని రాస్తున్నారు. ఒకాయన పెద్ద చౌకు కన్నా బాగున్నాడన్నాడు."

"ఆయనిప్పుడు లేడు కదా."

"అందుకే, ఎప్పుడొస్తాడని రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పను?"

నాకేం తెలుసు ఏం చెప్పాలో.

నవంబర్ 8, శనివారం

క్షమాపణ ఉత్తరం. మొదటిది చింపాను, చివరికొచ్చేసరికి తొమ్మిదేళ్ళ కిందటి ఫిర్యాదు గురించి ఉంది. రెండోది చింపాను, మధ్యలోనే ఫిర్యాదు గురించి ఉంది. మూడోది ఫిర్యాదుతోనే మొదలైంది.

అతన్ని నవ్వులపాలు చెయ్యాలనుకున్నమాట నిజం. అతను గడ్డం గీసుకుని కూర్చుంటాడని నేను అనుకోలేదు. అది నా లెక్కలో లేదు.

నవంబర్ 10, సోమవారం

వెళ్ళాను.

మీర్కా బజారుకి వెళ్ళేదాకా ఆగి, యాభై నాలుగు మెట్లూ కూర్చుని దిగాను. ఒక్కో మెట్టు మీదా కూర్చుని, చంకకర్రలని ముందు తోసి, మళ్ళీ కింది మెట్టు మీదికి. రెండో అంతస్తు దగ్గర ఒక స్వీడన్ ఆయన ఎదురై, ఇది కూడా ఇక్కడి ఆచారమేనా అని మర్యాదగా అడిగాడు. అవునన్నాను. ఆయన కూడా కూర్చుని దిగాడు.

వంతెన ఎక్కడానికి పద్నాలుగు మెట్లు, దిగడానికి పదమూడు. తడిగానే ఉన్నాయి, నిజంగానే. అతని తలుపు కొట్టాను.

గస్తోనే మఫ్లరు మూతికి చుట్టుకుని ఉన్నాడు. నన్ను చూశాడు, కర్రలు చూశాడు, వంతెన చూశాడు.

"ఈ కాలుతో వంతెనెక్కి వచ్చావా? మతుందా నీకు?"

తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట.

"క్షమాపణ చెప్పడానికొచ్చాను."

"దేనికి?"

"ఏడో సలహాకి. ఎనిమిదికి కాదు. ఎనిమిదోది న్యాయమైన ప్రశ్న."

మఫ్లరు వెనక ఏదో కదిలింది. దగ్గనుకున్నాను. నవ్వు.

"రెండో రోజే తెలుసే నాకు. ఆ కొరియావాళ్ళే కాగితం చూపించారు. ఇనెస్ దగ్గరికెళ్ళి అడిగితే చెప్పింది."

"రెండో రోజా? మరి టోపీ?"

"నువ్వు కిటికీలో కూర్చుని చూస్తున్నావుగా. ఆటకి వేషం ఉండాలని పెట్టాను."

"చెంచాలు?"

"అవి నీకోసమే. ఎంత గట్టిగా అరిచానో, గొంతు పోయింది. నువ్వు కిటికీ రెక్క ధడాల్న తెరిచినప్పుడల్లా నాకు పొద్దున్నే కాఫీ తాగినట్టుండేది."

నాకు ఒక్కసారిగా ఒక అనుమానం వచ్చింది. "నా పూలు..."

"ఏం పూలు?"

"అందరూ చెయ్యి ఊపేది..."

గస్తోనే తలుపుకి ఆనుకున్నాడు, నిలబడలేక. "ఆ కిటికీలో ఉన్నావిడ ఈ ఊరిని ఏలిన డోజుల వంశంలో చివరి ఆడపడుచు అని చెప్పాను. ముక్కు మీద కోపం, వెనక్కి నడుస్తూ కాలు విరగ్గొట్టుకుంది, చెయ్యి ఊపితే శాంతిస్తుందని. నువ్వేమో చేతిరుమాలు తీశావు!"

వెనక్కి నడిచిన సంగతి ఇతనికెలా తెలుసో అడగలేదు. అడిగితే ఊళ్ళో ఇంకెంతమందికి తెలుసో కూడా చెబుతాడు.

"ఇవన్నీ సరే, బెంచీ మీదికి ఎందుకు రావడం లేదు?"

అప్పుడు మఫ్లరు దించాడు. పై వరసలో ముందు పళ్ళు నాలుగు లేవు. "పీకేశారు. కట్టుడువి శుక్రవారం ఇస్తారట. అంతదాకా ఈ నోటితో కూర్చోమంటావా? వాళ్ళు ఎంతెంత దూరాల నుంచి వస్తున్నారు పాపం."

అతని భుజం మీదుగా గదిలోకి చూశాను. అట్టపెట్టెలు. ఇనెస్ అబద్ధం చెప్పలేదు.

"మెస్త్రె వెళ్తున్నావట."

"అక్క పిలుస్తోంది." నవ్వు ఆగింది. "ఇల్లంతా ఆమె సామానే ఎల్డా. ఏది ముట్టుకున్నా నెరీనాదే. అక్కడైతే ఏదీ ముట్టుకోనక్కర్లేదు."

ఏదైనా చెప్పాల్సిన చోటు అది. ముప్పై ఒక్క ఏళ్ళు మాటలమ్ముకుని బతికినదాన్ని, నాకు దొరికింది ఇది:

"వెళ్తే వెళ్ళు. ఆ సన్యాసినుల చెంచాల సంగతి మాత్రం వెనక్కి తీసుకుని వెళ్ళు. ఎనిమిదిమంది రాసుకున్నారు."

తిరుగు ప్రయాణంలో వంతెన మీద నా మోచెయ్యి పట్టుకున్నాడు. వదలమన్నాను. వదల్లేదు.

నవంబర్ 14, శుక్రవారం

వచ్చాడు. నాలుగు పళ్ళూ మరీ తెల్లగా ఉన్నాయి, మిగతావాటితో పరిచయం లేనట్టు. "స" పలికినప్పుడల్లా ఈల వస్తోంది. సన్యాసినుల కథ వినసొంపుగా ఉంది.

వెనక్కి తీసుకోలేదు. చెంచాలు ఇప్పుడు వెండివి.

నవంబర్ 15, శనివారం

అతని గుమ్మం బయట అట్టపెట్టెలు మూడు. పడవ వచ్చి తీసుకెళ్ళింది. ఎక్కడికో కనుక్కోలేదు. నాకెందుకు?

ఇనెస్‌కి ఫోన్ చేశాను. వేరే పని మీద. తనకీ తెలియదట.

నవంబర్ 18, మంగళవారం

ఎల్లుండి పదిన్నరకి ఆసుపత్రిలో కట్టు విప్పుతారు. మీర్కా అంబులెన్సు పడవ పిలుస్తానంది. ఈలోగా కింద నుంచి గస్తోనే, కాలువ కాలువంతా వినేట్టు:

"ఎల్డా! అంబులెన్సు వద్దు! సైరన్ విని నువ్వు పోయావనుకుంటారు, ఇనెస్ పూలు కొనేస్తుంది! నా పడవ ఉంది!"

"నీకు ఇంకా నడపడం వచ్చా?"

ఎదుటి వరసలో మూడు కిటికీలు తెరుచుకున్నాయి. "ముప్పై ఏళ్ళలో ఒక్క రేవు కూడా తప్పలేదు నేను!"

అది నిజమే. అతని బస్సు ఎప్పుడూ వేళకి వచ్చేది. ఈ మాట డైరీలోనే, బయట కాదు.

నవంబర్ 20, గురువారం

వరసగా రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

తొమ్మిదీ ముప్పావుకి బయల్దేరాం. చిన్న పడవ, వెనక మోటారు, నాకు ముందు ఒక దిండు వేశాడు. ఇక్కడి నుంచి ఆసుపత్రికి ఉత్తరం వైపు తెరిచిన నీళ్ళ మీదుగా వెళ్తే పావుగంట. వంతెనే ఉండదు. గస్తోనే లోపలి కాలువలోకి తిప్పాడు.

"ఇటెందుకు?"

"అటు గాలి ఎక్కువ. నీకు చలి."

ఇళ్ళ మధ్య తాళ్ళ మీద ఆరేసిన దుప్పట్లు కదలకుండా వేలాడుతున్నాయి. దిండు సర్దుకుని కూర్చున్నాను.

ఇవాళ అమావాస్య. పొద్దున పోటు. నీళ్ళు గట్టు అంచుకి వచ్చి ఉన్నాయి. మొదటి వంతెన కింద తల వంచి దూరాం. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి పడవ పట్టదు. చెయ్యంత సందు కూడా లేదు. వెనక్కి తిప్పాడు. మొదటిదీ అప్పటికి అంతే. రెండు వంతెనల మధ్య, సీసాలో ఈగల్లా.

"పోటు టైము చూసుకోలేదా?"

"చూశాననే అనుకున్నాను" అన్నాడు, మోటారు ఆపుతూ.

ముప్పై ఏళ్ళు నీళ్ళ మీద బతికినవాడు.

పడవని గోడ గొలుసుకి కట్టాడు. సంచిలోంచి ఫ్లాస్కు, రెండు కప్పులు, కాగితంలో చుట్టిన కేకు ముక్కలు తీశాడు. ఒక మనిషి ఆసుపత్రికి వెళ్ళడానికి రెండు కప్పులు. పైన వంతెన మీద నుంచి ఎవరో ఫొటోలు తీస్తున్నారు. అంచుకి జరిగి నిలబడలేదు, మధ్యలోనే.

సగం కప్పు అయ్యాక అన్నాడు. "ఎల్డా, ఆ ఫిర్యాదు నేను రాయలేదు."

"ఇంటిపేరు మీదే."

"ఇంటిపేరు ఇద్దరిదీ కదా."

నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. లేదు, వెంటనే అర్థమైంది. ఒప్పుకోవడానికి పట్టింది.

"రోజూ ఎనిమిదిన్నరకి నీ మైకు మా పడగ్గది కిటికీలోనే మోగేది," అన్నాడు. "అదీ ఓర్చుకుంది నెరీనా. ఒకరోజు తాడు మీద దాని లోపావడాలు ఆరేసి ఉంటే, నువ్వు గొడుగుతో చూపించి 'ఇదీ అసలైన వెనిస్' అన్నావట. నలభైమంది ఫొటోలు తీశారు. అప్పుడు రాసింది."

"నాకు చెప్పొచ్చుగా! రోజూ నా వంటింట్లోనే ఉండేది!"

"అదేగా బాధ. 'దాని మొహం మీద ఎలా చెప్పను, స్నేహితురాలు' అంది. అందుకని పోలీసులకి చెప్పింది."

"మరి నువ్వు? తొమ్మిదేళ్ళు!"

"చెబితే నువ్వు దానికి కాఫీ ఇవ్వడం మానేసేదానివి." కప్పులో మిగిలింది కాలువలోకి వంపాడు. "మా ఇంట్లో కాఫీ బాగుండదనేది. నాదేముంది, నాకు పత్రిక ఉంది."

నేను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గాడిద అన్నాను, పోలీసు కుక్క అన్నాను, నూనె డబ్బా అన్నాను. నెరీనా ప్రతిదానికీ తలూపి, చెంచా కప్పులో తిప్పుతూ, ఇంకో బిస్కట్టు తీసుకుని, "ఆయనంతే" అనేది. రెండు వేల కాఫీలు తాగి ఉంటుంది అలా. దొంగముండ.

నవ్వొచ్చింది. ఆపుకోలేనంత. అతనూ నవ్వాడు, ఈలతో. పడవ ఊగింది. తర్వాత కళ్ళల్లో ఎండ పడింది నాకు. ఆ ఇరుకు కాలువలో ఎండెక్కడిదని నన్ను అడిగేవాళ్ళు లేరు, డైరీ నాది. అతను రుమాలు ఇచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"పెట్టెల్లో ఏం పంపావు?" అన్నాను, రుమాలు మడుస్తూ.

"ఆమె చలికోట్లు. చర్చివాళ్ళకి. మిగతావి విప్పేశాను."

"మీ అక్కకి ఏం చెప్పావు?"

"ఉద్యోగంలో ఉన్నానని."

పదకొండయింది, పన్నెండయింది. ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేస్తే, నీళ్ళల్లో ఉన్నానన్నాను. ఊళ్ళో అందరూ నీళ్ళల్లోనే ఉంటారు కదమ్మా అందా పిల్ల. కేకు అయిపోయింది. స్కూల్లో నా జడ బల్లకి కట్టింది తనేనని ఒప్పుకున్నాడు. అతని జవాబు పత్రం మీద సిరా ఒలికింది పొరపాటున కాదని నేను ఒప్పుకున్నాను.

ఒంటిగంట దాటాక రెండో వంతెన కింద గోడ వైపు చూశాను. ఇటుకల మీద తడి గీత, దాని కింద జానెడు మేర నాచు బయటపడింది. నీళ్ళు తీస్తున్నాయి. పడవ హాయిగా పడుతుంది. నాకే తెలుస్తుంటే ముప్పై ఏళ్ళ డ్రైవరుకి తెలియదా? అతనూ అటే చూస్తున్నాడు.

"నీళ్ళు ఇంకా ఎత్తుగానే ఉన్నట్టున్నాయి" అన్నాను.

గస్తోనే ముందుకి వంగి, కళ్ళు చికిలించి, ఆ నాచుని చాలా శ్రద్ధగా పరిశీలించాడు.

"చాలా ఎత్తుగా ఉన్నాయి" అన్నాడు, ఫ్లాస్కు మూత మళ్ళీ తిప్పుతూ.